నవ్వని దేశానికి సంతోషంలో ఫస్ట్ ర్యాంకా?

ఏటా అంతర్జాతీయ సంతోష దినం మార్చి 20 దగ్గర పడగానే ఫోన్లలో ఒకే రకం ఫొటో తిరగడం మొదలవుతుంది. నీలం సరస్సు, ఒడ్డున ఎర్ర రంగు చెక్క ఇల్లు, పైన ఆకాశంలో పచ్చటి వెలుగులు. కింద 'ప్రపంచంలోకెల్లా సంతోషంగా ఉన్న దేశం ఫిన్లాండ్' అని ఉంటుంది. 2018 నుంచి 2025 దాకా వరుసగా ఎనిమిదిసార్లు 'వరల్డ్ హ్యాపీనెస్ రిపోర్ట్'లో ఆ దేశానిదే మొదటి స్థానం. 2025 జాబితాలో 147 దేశాలుంటే మన దేశానిది 118. పాకిస్తాన్‌ది 109 కావడంతో చర్చ అటు మళ్లి, ఫిన్లాండ్ సంగతి పక్కకు పోతుంది.

పోనివ్వకుండా కాసేపు అక్కడే ఆగేవాళ్లు రెండు జట్లు. అంత అందమైన చోట పుడితే ఎవరైనా సంతోషంగానే ఉంటారని ఒక జట్టు. చలికాలంలో సూర్యుడి మొహమే కనబడదు, బస్టాప్‌లో మనిషికీ మనిషికీ మధ్య రెండు మీటర్లు వదిలి నిలబడతారు, లిఫ్టులో పలకరిస్తే కంగారు పడతారు, వాళ్లకేం సంతోషమని రెండో జట్టు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కాకపోతే ఆ ర్యాంకు ఏ ప్రశ్నకు వచ్చిన జవాబో ఇద్దరూ చూడలేదు.

అడిగిన ప్రశ్నలో సంతోషం అన్న మాటే లేదు

సర్వేలో అడిగేది ఇది. ఒక నిచ్చెన ఊహించుకోండి. అడుగు మెట్టు సున్నా, పై మెట్టు పది. మీకు సాధ్యమయ్యే జీవితాల్లో అన్నిటికంటే మంచిది పైన, అన్నిటికంటే చెడ్డది కింద. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారు?

అంతే. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త హ్యాడ్లీ కాంట్రిల్ 1960ల్లో తయారుచేసిన ప్రశ్న ఇది. గ్యాలప్ సంస్థ సాధారణంగా ఒక్కో దేశంలో ఏడాదికి వెయ్యి మందిని అడుగుతుంది. మూడేళ్ల జవాబుల సగటు తీస్తే ఆ దేశం మార్కు వస్తుంది. 2025 నివేదికలో ఫిన్లాండ్ సగటు 7.74, భారత్‌ది 4.39. ఆదాయం, ఆపదలో ఆదుకునే మనుషులు, ఆరోగ్యంగా బతికే ఏళ్లు, స్వేచ్ఛ, దానగుణం, అవినీతి అనే ఆరు అంశాలకు మార్కులు వేసి ర్యాంకు కట్టారని చాలాచోట్ల రాస్తుంటారు. అది పొరపాటు. ర్యాంకు వచ్చేది నిచ్చెన జవాబు నుంచే. దేశాల మధ్య తేడా ఎందుకొచ్చిందో తర్వాత వివరించుకోవడానికి ఆ ఆరూ వాడతారు.

నిన్న మీరు నవ్వారా, బాధపడ్డారా, కోపం వచ్చిందా అని గ్యాలప్ విడిగా కూడా అడుగుతుంది. ఆ నవ్వుల లెక్కలో ముందుండేది ఎక్కువగా లాటిన్ అమెరికా దేశాలు. అక్కడ ఫిన్లాండ్‌ది మొదటి స్థానం కాదు. కాబట్టి 'వాళ్లు నవ్వరు కదా' అన్న రెండో జట్టు అనుమానం న్యాయమైనదే, దాన్ని ఈ ర్యాంకు మీద ప్రయోగించడమే తప్పు.

ఇక్కడ మన భాష కాస్త పనికొస్తుంది. సంతోషం, ఆనందం, సుఖం, తృప్తి, నిశ్చింత... ఇన్ని మాటలు మనకుండగా ఇంగ్లిష్ హ్యాపీనెస్‌ని పత్రికల్లో కళ్లు మూసుకుని 'సంతోషం' అని వేసేశాం. నన్నడిగితే నిచ్చెన ప్రశ్న కొలిచేదానికి దగ్గరి మాట తృప్తి. ఫిన్లాండ్ విషయంలో ఇంకా దగ్గరిది నిశ్చింత. ఫిన్నిష్‌లో సంతోషానికి వాడే 'ఒన్ని' అనే మాటకు అదృష్టం అని కూడా అర్థం.

ప్రశ్న మీదే అభ్యంతరాలున్నాయి. నిచ్చెన బొమ్మ చూపగానే జనం మనసు డబ్బు, హోదాల వైపు పోతుందని స్వీడన్ పరిశోధకుల బృందం 2024లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. నిచ్చెన బదులు వేరే మాటలతో అడిగితే జవాబులు మారాయి. ఎంత మంచి జీవితం సాధ్యమో ఊహించుకోవడంలోనే దేశానికీ దేశానికీ తేడా ఉండొచ్చని మరో అభ్యంతరం. పెద్దగా ఆశపడనివాడికి ఎనిమిదో మెట్టు అందుబాటులో ఉన్నట్టే కనిపిస్తుంది. దీనికి ఎదుటి వాదన కూడా బలమైనదే: లోపాలున్నా, నిపుణులు పైనుంచి మార్కులు వేయకుండా ఎవరి జీవితాన్ని వాళ్లనే కొలుచుకోమనే పద్ధతి ఇది.

ఒక వీధి లెక్క

సగటు ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఒక వీధిలో ఐదుగురు చెప్పిన మెట్లు 8, 8, 7, 8, 7. పక్క వీధిలో 10, 10, 9, 3, 2. మొదటి వీధి సగటు 7.6, రెండోది 6.8. బ్రహ్మాండంగా బతుకుతున్నవాళ్లు రెండో వీధిలోనే ఉన్నారు. అయినా ర్యాంకు మొదటి వీధికి వెళ్తుంది.

ఫిన్లాండ్ మొదటి వీధి లాంటిది. అక్కడ కింది మెట్ల మీద మనుషులు తక్కువ. ఫొటోలో కనిపించే సరస్సు ఒడ్డు ఇల్లు ఒక అదృష్టవంతుడిదైతే సగటు పెద్దగా కదలదు. ఆ సరస్సు దగ్గరికి ఎవరు వెళ్లగలరన్నది అసలు విషయం.

సరస్సులు లెక్కపెట్టడం, అడవిలో నడవడం

ఫిన్లాండ్ విస్తీర్ణం 3.38 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే 2.75 లక్షలు. మన రెండు రాష్ట్రాల కంటే పెద్ద నేల మీద ఉండేది దాదాపు 56 లక్షల మంది. ఒక్క హైదరాబాద్ జనాభా అంతకంటే ఎక్కువ. నేలలో సుమారు మూడొంతుల భాగం అడవి. సరస్సులు 1,88,000 అంటారు. ఆ అంకె విన్నప్పుడు చిన్న అక్షరాలు కూడా చదవాలి: 500 చదరపు మీటర్లు దాటిన ప్రతి నీటి మడుగూ అందులో ఉంది. మన లెక్కలో అది 600 గజాల స్థలం. ఒక హెక్టారు దాటినవి మాత్రమే లెక్కపెడితే 56 వేల చిల్లర మిగులుతాయి. అవీ తక్కువేం కాదనుకోండి.

అయితే అందం చాలా దేశాలకుంది. దాన్ని ఎలా పంచుకున్నారన్న దగ్గర ఫిన్లాండ్, దాని పొరుగున ఉన్న స్వీడన్, నార్వే వేరుగా కనిపిస్తాయి. ఇలా పంచుకునే పద్ధతిని ఫిన్నిష్‌లో 'ప్రతి ఒక్కరి హక్కు' అని పిలుస్తారు. నేల ఎవరిదైనా సరే దాని మీద నడవొచ్చు, స్కీయింగ్ చేయొచ్చు, రెండు రోజులు గుడారం వేసుకోవచ్చు, పండిన అడవి పళ్లు, పుట్టగొడుగులు కోసుకోవచ్చు. అనుమతి అడగక్కర్లేదు, టికెట్ ఉండదు.

ఒక ఉదాహరణ. దాదాపు 60 శాతం అడవి మామూలు కుటుంబాల సొంత ఆస్తి. అలాంటి ఒకాయనకు సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్ల అడవి 50 ఎకరాలు ఉందనుకుందాం. ఆగస్టులో ఒక ఆదివారం మీరు బకెట్ పట్టుకుని అందులోకి వెళ్లారు. మోకాలి కిందికే ఉండే పొదలు, వాటి నిండా ముదురు నీలం పళ్లు. ముస్తిక్క అంటారు. తింటే నేరేడు పండు తిన్నట్టు నాలుక ఊదా రంగులోకి మారుతుంది. చేతిలో దువ్వెన పళ్లలాంటి చువ్వలున్న డబ్బా ఉంటుంది. దాన్ని పొదలోకి తోసి పైకి లాగితే ఆకులు జారిపోయి పళ్లు డబ్బాలో మిగులుతాయి. ఇంతలో యజమాని ఎదురయ్యాడు. మిమ్మల్ని పొమ్మనే హక్కు ఆయనకు లేదు. సాయంత్రం ఆ పళ్లను బజార్లో అమ్ముకున్నా, ఆ డబ్బు మీద ఆదాయపు పన్ను లేదు.

అదే యజమాని ఈ కింది సందర్భాల్లో మిమ్మల్ని ఆపగలడు. ఆయన అనుమతి లేకుండా నిప్పు రాజేశారు. నాచు పీకారు. గాలికి పడిపోయిన చెట్టు ఎత్తుకెళ్లబోయారు. బండి అడవిలోకి తోలారు. ఆయన ఇంటి వాకిట్లోకో, పంట ఉన్న పొలంలోకో దిగారు. మామూలు గాలం కర్రతో చేపలు పట్టడం అందరికీ ఉచితం, రీల్ ఉన్న గాలమైతే పెద్దవాళ్లు రుసుము కట్టాలి. చలికాలంలో గడ్డకట్టిన సరస్సుకు బెజ్జం పెట్టి, పక్కన స్టూలు వేసుకుని గాలం వదలడమూ ఉచితమే. గంటల తరబడి అలా కూర్చునేవాళ్లను చూస్తే, పలకరించడానికి వాళ్లకు తీరికెక్కడిదని అనిపిస్తుంది.

పంచుకునే ఈ పద్ధతికీ చీకటి కోణం ఉంది. వ్యాపారం కోసం కోసే పళ్లలో ఎక్కువ భాగం స్థానికులు కోయరు. థాయ్‌లాండ్ నుంచి సీజన్‌కు కూలీలను తెస్తారు. విమాన ఖర్చు, తిండి, బస అంటూ అప్పు రాసి, కోసిన పళ్లలో ఆ అప్పు తీరక చేతికేమీ మిగలని కూలీల కథలు బయటపడ్డాయి. మానవ అక్రమ రవాణా కేసులు కోర్టుకెక్కి శిక్షలు కూడా పడ్డాయి. అడవి హక్కు అందరిదీ కావడం వల్ల 'కూలి కాదు, ఎవరి పళ్లు వాళ్లే కోసుకుంటున్నారు' అనే వాదనకు చోటు దొరికింది. నిబంధనలను బిగించింది ఈమధ్యే.

అడవి గురించి ఇంకో తగాదా ఉంది. ఫొటోలో ముట్టుకోని అరణ్యంలా కనిపించేది చాలావరకు కలప కోసం పెంచే అడవి. వరసగా నాటి, పలచన చేసి, కొన్ని దశాబ్దాలకు నరికి, మళ్లీ నాటతారు. దేశంలోని చిత్తడి నేలల్లో దాదాపు సగాన్ని కలప కోసమే కాలువలు తవ్వి ఎండగట్టారు. 2035కల్లా వదిలే కార్బన్‌కూ పీల్చే కార్బన్‌కూ సరిపోయి లెక్క సున్నాకు రావాలని చట్టంలో రాసుకున్నారు. ఆ లెక్కలో పెద్ద దన్ను అడవులే కావాలి. తీరా నరుకుడు పెరిగి, 2021లో భూమి, అడవుల పద్దు కార్బన్‌ను పీల్చే బదులు వదిలే వైపు వెళ్లింది. కలప, కాగితం పరిశ్రమ వాళ్లు ఉపాధి సంగతేంటంటారు, ప్రకృతి సంఘాలు పాత అడవుల్ని ముట్టుకోవద్దంటాయి. సొంత ఆస్తి అయిన చెట్టును ఎప్పుడు కొట్టాలో చెప్పడానికి మీరెవరని యజమానులు అడుగుతారు. ముగ్గురి దగ్గరా సరుకున్న వాదనే ఉంది, ఇప్పట్లో తేలేలా లేదు.

చీకటి సంగతి

ఉత్తర కొసన ఉన్న ఉత్స్యోకిలో నవంబర్ చివర్లో మునిగిన సూర్యుడు జనవరి మధ్యలో గానీ కనిపించడు. ఈ కాలాన్ని 'కామోస్' అంటారు. దక్షిణాన ఉన్న రాజధాని హెల్సింకిలో సూర్యుడు వస్తాడు గానీ, డిసెంబర్‌లో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. మంచు పడితే నయం, తెల్లగా వెలుతురును తిప్పి కొడుతుంది. పడకపోతే బురద, వాన, మూడున్నరకే వీధి దీపాలు. జూన్‌లో అదే ఊళ్లో పగలు 19 గంటలు.

ఇక 'అక్కడ ఆత్మహత్యలు ఎక్కువ' అన్న మాట. 1990 ప్రాంతంలో అది నిజం. లక్ష మందికి 30 దాకా ఉండేవి, ప్రపంచంలోనే ఎక్కువ ఉన్న దేశాల్లో అదొకటి. 1986లో జాతీయ స్థాయిలో నివారణ కార్యక్రమం మొదలుపెట్టారు. చనిపోయిన ఒక్కొక్కరి పరిస్థితినీ పరిశీలించి, డిప్రెషన్ వైద్యం, తాగుడు మాన్పించడం, మీడియా రాసే తీరు, అన్నిటి మీదా పనిచేశారు. ఇప్పుడు ఆ రేటు అప్పటిలో సగం కంటే తక్కువ. చీకటే కారణమనుకుంటాం గానీ, ఆ మరణాలు ఎక్కువగా నమోదయ్యేది నడి చలికాలంలో కాదు, వసంతం, వేసవి నెలల్లో. చీకటి వాళ్లను దిగాలు పరచదని కాదు. చలికాలపు డిప్రెషన్‌కు వాళ్ల భాషలో ప్రత్యేకంగా పేరే ఉంది, దానికి వెలుతురు దీపాలూ వాడతారు.

ఇంకా సౌనా ఉండనే ఉంది. 56 లక్షల జనానికి ముప్పై లక్షల దాకా సౌనాలు. చెక్క గది, వేడెక్కిన రాళ్లు, వాటి మీద నీళ్లు చల్లితే లేచే ఆవిరి. మంత్రికీ కార్మికుడికీ ఒకటే చెక్క బల్ల. 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

ఎప్పుడూ ఇలాగే ఉన్న దేశం కాదు

1866-68 కరువులో ఫిన్లాండ్ జనాభాలో దాదాపు 8 శాతం చనిపోయారు. పిండిలో చెట్టు బెరడు కలుపుకుని రొట్టెలు చేసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ యూనియన్‌కు కరేలియా ప్రాంతంలో చాలా భాగం పోయింది. అక్కణ్నుంచి వచ్చిన 4 లక్షల మందికి భూమి, ఇళ్లు చూపించాల్సొచ్చింది. అవే సరస్సులు, అవే అడవులు అప్పుడూ ఉన్నాయి. అందం ఒక్కటే కారణమైతే అప్పుడూ మొదటి ర్యాంకే ఉండాలి.

మార్పు ఎలా వచ్చిందో ఒక అట్టపెట్టెలో చూడొచ్చు. 1938లో పేద తల్లుల కోసం, 1949 నుంచి తల్లులందరి కోసం ప్రభుత్వం ఒక పెట్టె ఇస్తోంది. పసిబిడ్డ బట్టలు, దుప్పటి, స్నానం సామాను, అడుగున చిన్న పరుపు. అన్నీ తీసేస్తే పెట్టే బిడ్డకు పక్క. అందులో తెలివంతా షరతులో ఉంది: గర్భం దాల్చిన నాలుగో నెల దాటేలోపు క్లినిక్‌కు వెళ్లి పరీక్ష చేయించుకుంటేనే పెట్టె. బట్టల కోసం వచ్చిన తల్లికి వైద్యం కూడా అందింది. బిడ్డల మరణాలు ఇప్పుడు వెయ్యికి రెండు దరిదాపుల్లోనే. 1948 నుంచి బడిలో పిల్లలందరికీ మధ్యాహ్నం వేడి భోజనం ఉచితం.

ఇంకొకటి 1972 నాటిది. తూర్పున ఉత్తర కరేలియాలో మగవాళ్లు నలభైల్లోనే గుండెపోటుతో పోయేవారు. పెక్క పుస్క అనే యువ వైద్యుడి బృందం ఆసుపత్రి కట్టకుండా ఊళ్ల మీద పడింది. వెన్న, ఉప్పు, సిగరెట్ తగ్గించమని గృహిణుల సంఘాలతో, సాసేజ్ తయారీదార్లతో, పాల రైతులతో మాట్లాడింది. పాల మీద బతికే జిల్లాలో వెన్న మానమంటే ఊరుకుంటారా! గొడవలయ్యాయి. కొందరు రైతులు బెర్రీ సాగుకు మళ్లారు. పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు తర్వాతి దశాబ్దాల్లో 80 శాతానికి పైగా తగ్గాయి.

జీతం చీటీ

నిశ్చింత ఉచితంగా రాదు. హెల్సింకి పక్కనే ఉన్న ఎస్పో నగరంలో ఉద్యోగం చేసే ఒకరి నెల జీతం 4,000 యూరోలు అనుకుందాం. పన్ను, పెన్షన్, నిరుద్యోగ బీమా కోతలు కలిపి 30 శాతం అటూ ఇటూ పోతుంది. చేతికి 2,800 దాకా. దుకాణంలో 100 యూరోల చొక్కా కొంటే, 2024 సెప్టెంబర్ నుంచి 25.5 శాతం అయిన అమ్మకపు పన్ను వల్ల అందులో 20 యూరోలు ప్రభుత్వానివే.

బదులుగా ఏం వస్తుంది? చిన్నపిల్లల సంరక్షణ కేంద్రానికి ఎంత జీతం ఉన్నా నెలకు సుమారు 300 యూరోలు మించి కట్టక్కర్లేదు. బడి, పుస్తకాలు, భోజనం ఉచితం. 2022 సంస్కరణ తర్వాత తల్లికీ తండ్రికీ చెరో 160 రోజుల సెలవు భత్యం. ఇదే మన దగ్గరైతే జీతంలో కోత తక్కువ. కానీ స్కూలు ఫీజు, ఆసుపత్రి అడ్వాన్సు, ట్యూషన్, అమ్మానాన్నల మందులు అన్నీ ఆ మిగిలినదాంట్లోంచే. అంటే ఒకచోట పన్నుగా ముందే తీస్తారు, ఇంకోచోట మనమే తర్వాత తీసి ఇస్తాం. ఎక్కువ జీతమున్న, పిల్లల్లేని, ఆరోగ్యంగా ఉన్న మనిషికి రెండో పద్ధతిలో ఎక్కువ మిగలొచ్చు.

సేవల్లోనూ బీటలున్నాయి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అత్యవసరం కాని పనికి డాక్టర్ దొరకడానికి వారాలు పడుతుందని జనం విసుక్కుంటారు. అందరూ మెచ్చుకున్న చదువు కూడా జారుతోంది: పదిహేనేళ్ల పిల్లలకు చాలా దేశాల్లో పెట్టే పీసా పరీక్షలో గణితం సగటు 2006లో 548, 2022లో 484. 2025 చివరికి నిరుద్యోగం 10 శాతానికి చేరింది. ఐరోపా సమాఖ్యలో ఇది చాలా ఎక్కువ. మొదటి ర్యాంకు ఉన్న ఏళ్లలోనే ఈ బీటలూ ఉన్నాయి.

పారేసుకున్న పర్సు

'రీడర్స్ డైజెస్ట్' పత్రిక 2013లో 16 నగరాల్లో, నగరానికి 12 చొప్పున, డబ్బూ ఫోన్ నంబరూ ఉన్న పర్సులు జారవిడిచింది. హెల్సింకిలో 11 తిరిగొచ్చాయి. రెండో స్థానం ముంబైది, 9. పన్నెండు పర్సులతో దేశాన్ని తూచలేం గానీ, ముంబై సంగతి మనవాళ్లు చాలామంది గమనించలేదు. 2025 నివేదిక ఈ పర్సు ప్రశ్నను మళ్లీ పట్టుకుంది. పర్సు పోతే తిరిగొస్తుందని నమ్మేవాళ్లు తమ జీవితానికి ఎక్కువ మార్కులు వేసుకుంటున్నారు. చాలాచోట్ల జనం నమ్మేదాని కంటే ఎక్కువ పర్సులే తిరిగొస్తున్నాయి కూడా.

వెళ్లి స్థిరపడినవాళ్ల నిచ్చెన

హెల్సింకి, ఎస్పో ప్రాంతంలో ఐటీ, టెలికాం ఉద్యోగాల్లో, యూనివర్సిటీల్లో భారతీయులు బాగానే ఉన్నారు, వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లకూ ఎనిమిదో మెట్టేనా? 2018 నివేదిక వలస వచ్చినవాళ్ల జవాబులు విడిగా చూసింది. వాళ్ల జాబితాలోనూ ఫిన్లాండే మొదటిది. అయితే అక్కడి వలసదారుల్లో ఎస్తోనియా, రష్యా వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారని గుర్తుంచుకోవాలి. అదే 2018లో ఐరోపా సమాఖ్య ప్రాథమిక హక్కుల ఏజెన్సీ నల్లజాతి వారిని 12 దేశాల్లో అడిగితే, గత ఐదేళ్లలో జాతి వివక్షతో వేధింపులు ఎదురయ్యాయన్నవారు ఫిన్లాండ్‌లోనే ఎక్కువ, 63 శాతం. ఒక అంకె ఇంకోదాన్ని అబద్ధం చేయదు. ఒకటి అందరి సగటు, రెండోది ఒక సమూహం అనుభవం.

నియమాలూ బిగుస్తున్నాయి. 2017 నుంచి ఐరోపా బయటి విద్యార్థులకు ఇంగ్లిష్‌లో చెప్పే డిగ్రీ కోర్సులకు ఫీజు పెట్టారు. పౌరసత్వానికి ఉండాల్సిన కాలం 2024 అక్టోబర్‌లో ఐదేళ్ల నుంచి ఎనిమిదేళ్లకు పెరిగింది. 2025 జూన్ నుంచి ఉద్యోగం మీద వచ్చినవాళ్లు అది పోతే మూడు నెలల్లో, నిపుణుల పర్మిట్ల వాళ్లు, ఇంకొందరైతే ఆరు నెలల్లో, ఇంకోటి వెతుక్కోవాలి. లేదంటే పర్మిట్ రద్దయ్యే అవకాశం ఉంది. అడవిలో ముస్తిక్క కోయడానికి పాస్‌పోర్టు ఏ దేశానిదని ఎవరూ అడగరు. ఆగస్టులో బకెట్ నింపుకున్న ఎస్పో ఇంజినీరుకు సెప్టెంబర్‌లో లేఆఫ్ మెయిల్ వస్తే, మార్చిలో ఆ ఫొటో మళ్లీ ఫోన్లలో తిరిగే వేళకు గడువు ముంచుకొస్తుంటుంది. ఆ వారంలో గ్యాలప్ వాళ్లు ఫోన్ చేసి ఏ మెట్టు మీద ఉన్నారని అడిగితే, ఆయన ఏ అంకె చెప్తాడో.